పోవడం రెండున్నర, రావడం ఐదు

ప్రింటర్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన టికెట్ కాగితం అరచేతికి వెచ్చగా తగిలితే చాలు, నాకు వెంకటేశం సేటు గుర్తొస్తాడు. జనగామ బస్టాండు ఎదురుగా ఆయనది బట్టల దుకాణం. ఓ మూల కంప్యూటర్ పెట్టుకుని దుబాయి టికెట్లు కూడా తీసేవాడు. దేవరుప్పుల దగ్గరి మా తండా ఆడవాళ్లు వస్తే మా లంబాడీ భాషలో మాట్లాడడానికి నన్ను పనిలో పెట్టుకున్నాడు. ఇవాళ ఆ కంప్యూటర్ ముందు నేనున్నాను, ఆయన లేడు. టికెట్ మీది గంటలు చూస్తే మాత్రం నా బుర్ర ఇప్పటికీ గిర్రున తిరుగుతుంది.

మా బాపు దుబాయి పోయినప్పుడు హైదరాబాద్‌లో పదింటికి విమానమెక్కి పన్నెండున్నరకు దిగుతాడని టికెట్లో ఉంది. మూడేళ్లకు తిరిగొచ్చే టికెట్ తీస్తే, అక్కడ పదింటికెక్కి ఇక్కడ మూడింటికి దిగుతాడని ఉంది. నేను చదివి చెప్పగానే మా అమ్మ ముఖం మాడిపోయింది.

"రెండున్నర గంటల తొవ్వ ఐదు గంటలెట్లయితది సేటు? మనకు చెప్పకుంట ఇంకింత దూరం పోయిండు. ఆడ ఇంకో సంసారం పెట్టిండు. నేను ఎదురు రాను" అంటూ దుకాణంలోనే కూలబడింది. మా తండాలో అలా జరిగిన ఇల్లు ఒకటుంది మరి. నేనూ అదే అనుకుని భయపడ్డాను.

సేటు టికెట్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "నాకు గూడ సమజైతలేదు చెల్లె. కాని పోయేటప్పుడు ఒట్టి చేతులతోటి పోయిండు గద? వచ్చేటప్పుడు సామాన్ బరువుంటది. కంబళ్లు, చీరెలు, బిడ్డకు గడియారం. ఇమానం జర మెల్లగనే రావాలె" అన్నాడు. అంత మాటకే అమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అన్ని టికెట్లు తీసిన సేటుకు అది తెలియదా? తెలిసే అలా అన్నాడా? ఒకసారి ఆయన కాళ్లు మొక్కాలనిపిస్తుంది, ఇంకోసారి ఆయన మీద కోపమొస్తుంది.

బాపు వచ్చే రోజు పొద్దుగూకేవేళ అమ్మ, సేటు, నేను దుకాణం ముందు నిలబడ్డాం. బస్సు దిగిన బాపు చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. భుజానికి ఒక్కటే చిన్న సంచి. కంపెనీ మూతపడిందని, చివరి జీతాలు ఇవ్వలేదని తర్వాత చెప్పాడు. అమ్మ ఆ సంచీని అందుకుని ఎత్తి చూసింది.

"గింత బరువుకే ఐదు గంటలు పట్టిందా సేటు?"

ఆమె నవ్వుతుందో ఏడుస్తుందో నాకు అర్థం కాలేదు. సేటు బాపు భుజం మీద చెయ్యి వేసి, "మనిషి బరువు లేదా చెల్లె?" అన్నాడు.

నిన్న ఒకామె టికెట్ చేత పట్టుకుని, "దుబాయి ఎంత దూరం చెల్లె?" అని అడిగింది. గడియారాల సంగతి ఇప్పుడు నేను విడమరిచి చెప్పగలను. నా నోట వచ్చిన మాట మాత్రం వేరే.

"పోవుడా అక్క, వచ్చుడా?"