అమ్మ అడిగిన సోదా

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. నెల్లాళ్లు నేసిన పెళ్లిచీరను తెల్లగుడ్డలో చుట్టి, అమ్మను స్కూటర్ ఎక్కించుకుని ధర్మవరం నుంచి కదిరికి బయలుదేరాను. దారిలో పోలీసులు ఆపారు. కాగితాలు చూసిన ఎస్సై, "ఏముండాదప్పా మూటలో? విప్పు" అన్నాడు. అప్పుడే లారీ కింద వెతికి వచ్చిన ఆయన చేతుల నిండా గ్రీజు. ఒక్క వేలు తగిలినా ఆ చీర పెళ్లికి పనికిరాదు. మగ్గం మీద రోజంతా ఆడే చేతులతో మూటను గుండెకు హత్తుకున్నాను.

అమ్మ దిగింది. "విప్పుతాం సామీ. ముందు నీ చేతులు, జేబులు సూపిచ్చు. మా ఊర్లో ఇండ్లు సోదా చేసేటప్పుడు పోలీసోళ్లు అట్లనే సూపిస్తారు. సాక్షిగా రెండుసార్లు ఏలిముద్ర ఏసినా."

ఇక స్టేషనుకే అనుకున్నాను. ఎస్సై తన చేతులు చూసుకున్నాడు. జేబులు బయటికి లాగాడు. నాలుగు శెనక్కాయలు రాలాయి. మేం తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ అమ్మ ఆయన చేతుల మీద పోసింది. ఆయన మన్నుతో రుద్ది కడుక్కుని, తుడుచుకుని, కొనవేళ్లతో గుడ్డ తీసి చూసి, మళ్లీ తనే మడిచాడు.

"మాకూ నేర్పించినారమ్మా, మరిచిపోయినా" అన్నాడు.

దాహంతోనే కదిరి చేరాం. ఇప్పటికీ ఏ కాగితం మీద సంతకం పెట్టినా, పక్కన అమ్మ వేలిముద్ర కూడా ఉంటే బాగుండుననిపిస్తుంది.