విల్మార్ కుడి చెయ్యి

విల్మార్ ఎచెబర్నే కుడి చెయ్యి పైకి లేచిందంటే మా ఊరు పాసో రెదోందోలో ముసలివాళ్ళు కూడా బెంచీల మీంచి లేచి అరిచేవాళ్ళు. లా బాల్సా ఫుట్‌బాల్ క్లబ్బు రక్షణ వరసలో పదిహేడేళ్ళు నడిమధ్య నిలబడ్డ మనిషి. అతను చెయ్యెత్తితే వరసంతా ఒక్కసారిగా ముందుకు అడుగేసేది. బంతి కోసం కాచుకున్న అవతలి జట్టువాడు వెనకాల ఒంటరిగా దొరికిపోయేవాడు. ఆఫ్‌సైడ్! ఇక వాడు గోల్ కొట్టినా చెల్లదు. ఆఫ్‌సైడైతే జెండా ఎత్తాల్సిన లైన్స్‌మన్ ఆట చూడ్డం మానేసి విల్మార్ చెయ్యే చూస్తాడని పక్క ఊళ్ళవాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఏడవనీ, మాకేం?

ఒకసారి మాంటెవిడియో నుంచి పెద్ద క్లబ్బు మనిషి వచ్చి చూసి, వీడికి పరుగు చాలదని పెదవి విరిచి వెళ్ళిపోయాడు. నిజమే, చాలదు. కాళ్ళలో పరుగు లేదు కాబట్టే విల్మార్ చెయ్యిని నమ్ముకున్నాడు.

మోకాలు పోయాక అతన్నే కోచ్‌ను చేశారు. అప్పటికే మాంసం ఫ్యాక్టరీ మూతపడింది. ఆదివారం నాడు ఊరంతా ఒకచోట చేరడానికి మిగిలింది క్లబ్బొక్కటే. అదీ రెండో డివిజన్‌లో ఉన్నంతకాలమే. కిందికి జారితే మూసేస్తామని కమిటీవాళ్ళు మొహం మీదే చెప్పేశారు.

విల్మార్‌కు తెలిసిన విద్య ఒకటే, దాన్నే నేర్పాడు. నాలుగేళ్ళు రోజూ పొద్దున్నే గీత పక్కన నిలబడి చెయ్యెత్తేవాడు, కుర్రాళ్ళు అడుగేసేవారు. అయితే ఒక కట్టుబాటు కూడా పెట్టాడు.

“ప్రాక్టీసులో చెయ్యి నాది. మ్యాచ్‌లో మాత్రం యమందుది. బయట నిలబడ్డవాడికి అన్నీ కనిపించవురా.”

యమందు కెప్టెన్. విల్మార్ నిలబడిన చోటే ఇప్పుడు అతను నిలబడతాడు. “మరి మీ చెయ్యి ఊరుకోకపోతేనో, మేష్టారూ?” అన్నాడు నవ్వుతూ.

“జేబులో పెట్టుకుంటాలే.”

అన్నట్టే నాలుగేళ్ళూ పెట్టుకున్నాడు. ప్రతి మ్యాచ్‌లో కుడి చెయ్యి కోటు జేబులోనే. ఆ జేబు చిరిగిపోతే అతని భార్య నెల్బా రెండుసార్లు కుట్టింది.

ఆఖరి మ్యాచ్‌లో గెలవక్కర్లేదు, ఓడకపోతే చాలు. ఎనభై ఆరో నిమిషం దాకా రెండు జట్లకూ గోల్ లేదు. అప్పుడు విల్మార్‌కు దూరంగా, మైదానం ఆ చివరన, మా రక్షణ ఆటగాడు లీబర్ పిక్క పట్టేసి మా గోల్ పక్కనే కూలబడ్డాడు. అతనక్కడ ఉన్నంతసేపూ అవతలివాడు ఒంటరి కాడు, ఆఫ్‌సైడ్ అన్న మాటే లేదు. యమందు చూశాడు. మధ్యలో ఇంతమంది అడ్డుండగా విల్మార్‌కు కనిపించలేదు. అతనికి కనిపించిందల్లా వరస దాటి దూసుకుపోతున్న అవతలి జట్టు తొమ్మిదో నంబరువాడు.

“వెనక్కి! లీబర్ పడున్నాడు, వెనక్కి రండ్రా!” అని యమందు గొంతు చించుకుంటున్నాడు.

విల్మార్ చెయ్యి జేబులోంచి వచ్చి పైకి లేచింది.

వరసలో మిగిలిన ఇద్దరూ ఆ చెయ్యి చూసి ముందుకు అడుగేశారు. నాలుగేళ్ళు అలవాటు చేసిన కాళ్ళు మరి, ఇంకేం చేస్తాయి? యమందు ఒక్కడే వెనక్కి పరుగెత్తాడు, అందుకోలేకపోయాడు. జెండా లేవలేదు. బంతి వలలో పడ్డాక కూడా విల్మార్ చెయ్యి దించడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

డ్రెస్సింగ్ రూములో యమందు సొరబుర్రలో మాతే ఆకు మీద వేడినీళ్ళు పోసి, అందరూ వంతులవారీగా తాగే ఆ కషాయం బుర్రను ఒక్కొక్కరికీ అందించాడు. గెలిచినా ఓడినా ఆ వంతు ఆగదు. బుర్ర లీబర్ దగ్గర్నుంచి వచ్చింది, నిండింది, విల్మార్‌ను దాటి పక్కవాడి చేతికి వెళ్ళింది. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“మ్యాచ్‌లో చెయ్యి నాదన్నారుగా, మేష్టారూ,” అన్నాడు యమందు నేలకేసి చూస్తూ.

ఆ శీతాకాలంలోనే క్లబ్బు గేటుకు తాళం పడింది. ఇక ఊరు మొదలుపెట్టింది. విల్మార్ కనిపిస్తే చాలు, చెయ్యెత్తడం. మాంసం కొట్టువాడు కత్తి పట్టుకున్న చెయ్యే ఎత్తేవాడు. “ఏం విల్మార్, మా గొడ్డు కూడా ఆఫ్‌సైడేనా?” చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు. మేం మంచివాళ్ళమేం కాదు.

పదకొండు కిలోమీటర్ల దూరంలో, ఉన్ని గోదాములో అతనికి కాపలా పని దొరికింది. రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తితేనే బస్సు ఆగుతుంది, అది ఇక్కడి పద్ధతి. అందుకని నెల్బా రోజూ అతనితో వచ్చి, తన చెయ్యెత్తి బస్సు ఆపి, అతన్ని ఎక్కించి ఇంటికి వెళ్ళేది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఆగస్టులో ఆమె జ్వరంతో మంచం పట్టింది. “ఒక్కసారి ఎత్తవయ్యా, ఒక్క క్షణం,” అంది దుప్పట్లోంచి. “ఎవరు చూడొచ్చారు?”

అతను సరేనన్నాడు.

రోడ్డు మీద ఇంకెవరూ లేరు. దూరాన బస్సు కనిపించింది. డ్రైవరు అతన్ని గుర్తుపట్టి వేగం తగ్గించాడు. ఆఫ్‌సైడ్ అంటూ ఎగతాళి చేయలేదు, ఊరికే చూశాడు. కిటికీల్లోంచి నలుగురైదుగురు కూడా చూశారు. విల్మార్ వేళ్ళు జేబు అడుగున నెల్బా వేసిన కుట్టును గట్టిగా పట్టుకున్నాయి. చెయ్యి లేవలేదు. బస్సు అతని ముందు నుంచి మెల్లగా కదిలి వెళ్ళిపోయింది.

అతను నడుచుకుంటూ గోదాముకు మధ్యాహ్నానికి చేరేసరికి గేటు దగ్గర అతని కాపలా కుర్చీలో వేరే మనిషి కూర్చుని ఉన్నాడు.