నేల మీద పెట్టని పటం

ఈశ్వరప్రసాద్ ఆస్ట్రేలియాలోని డార్విన్ వచ్చింది అకౌంటెంట్ అవుదామని. అయింది మాత్రం ఒక గ్యాలరీ గోదాములో బొమ్మలు మోసేవాడు. తెనాలి నుంచి ఎవరైనా ఫోన్ చేసి అడిగితే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అనేవాడు. వాళ్లు సినిమా అనుకునేవారు. అతను కాదనేవాడు కాదు.

గ్యాలరీ యజమానురాలు హెలెన్. ఆమె స్పాన్సర్ చేస్తే పర్మనెంట్ రెసిడెన్సీ. లేదంటే వీసా అయిపోగానే భార్య సాయిప్రియతో సహా విమానమెక్కాలి. జనవరిలో సంతకం పెడతానంది.

డిసెంబరు వానల్లో ఒక ఎచింగ్ వచ్చింది. ఇటలీలో ఎప్పుడో బరోక్ కాలంలో రాగిరేకు మీద సూదితో గీసి, యాసిడ్‌తో కొరికించి, కాగితం మీద అచ్చొత్తిన బొమ్మ. మబ్బుల మీద ముగ్గురు సెయింట్లు, వాళ్ల కాళ్ల దగ్గర ఒక సింహం. గోదాము పద్ధతి ప్రకారం ఫ్రేములన్నిటినీ కింద చెక్కదిమ్మెల మీద, మొహం గోడకి తిప్పి పెట్టాలి.

ఈశ్వరప్రసాద్ నిరుటి వెంకన్న క్యాలెండర్‌ని కూడా చెత్తలో వేయలేని ఇంట్లో పుట్టినవాడు. దేవుడి పటాన్ని కింద పెట్టి మొహం గోడకి తిప్పడానికి చేతులు రాలేదు. బీరువా పైన, తూర్పు మొహంగా పెట్టాడు.

తోటి పనివాడు జశ్వంత్ గుంటూరు క్రైస్తవుడు. చూశాడు గానీ నవ్వలేదు.

"అన్నా, మేం బాప్టిస్టులం. మాకు సెయింట్లు లేరు. నువ్వు ఎవరి తరఫున ఈ మర్యాద చేస్తన్నావో నాకర్థం కావట్లా."

బీరువాకి పైన ఏసీ గొట్టం ఉంది. వానాకాలం డార్విన్‌లో గొట్టాలన్నీ చెమరుస్తాయి. సోమవారం వచ్చి చూసేసరికి నీళ్లు ఫ్రేములోకి దిగి, ఒక సెయింటు మోకాళ్ల నుంచి మెడ దాకా మరక పాకింది. గోడకి తిరిగి నిలబడ్డ మామూలు బొమ్మలకి చుక్క తడి తగల్లేదు.

"గొట్టం కారిందని చెప్పండి చాలు," అంది సాయిప్రియ. "అబద్ధం కాదుగా. మిగతాది ఎవరడిగారు?"

మిగతాదే హెలెన్ అడిగింది. పైన ఎవరు పెట్టారంది. నేనే అన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. ఆమె అరవలేదు. మరక వంక చూసి, తను చర్చికి వెళ్లి చాలా ఏళ్లయిందంది. ఆ తర్వాత, రేపు ఇలాంటిదే ఇంకోటి వస్తే ఎక్కడ పెడతావని అడిగింది.

కింద అంటే సరిపోయేది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

"పైనే," అన్నాడు. "గొట్టం చూసుకుని పెడతా."

హెలెన్ తలూపింది. మంచి మనిషి, ఉద్యోగం తీసేయలేదు. మర్నాటి నుంచి ముందు కౌంటర్ దగ్గర కూర్చోమంది. ఆ పనికి స్పాన్సర్‌షిప్ ఉండదు.