పాలిష్ బండల మీద ముసలి కుక్క

మా ముసలి కుక్కంటే నాకు అసహ్యం పుట్టింది. దాచుకోవడం దేనికి? పదమూడేళ్ళు నా వెంట తిరిగిన కుక్కే. కానీ చివరికొచ్చేసరికి దాని ఒళ్ళు తడిసి మగ్గిన దుప్పటిలా కంపు కొట్టేది. నోట్లో చొంగ, చెవుల్లో చీము, తోక కింద ఎండిన పెంట. నేను అన్నం తింటుంటే పక్కనే పడుకుని దగ్గేది. ముద్ద దిగేది కాదు.

బేతంచెర్లలో మాకు చిన్న బండల పాలిష్ యార్డు ఉంది. ఇల్లు దాని పక్కనే. బండలు కొనడానికి వచ్చినవాళ్ళను ముందు మా హాల్లోకే పిలుస్తాం. మా పాలిష్ పనితనం చూపడానికి అంతకంటే మంచి చోటు లేదు. వంగి చూస్తే మొహం కనబడాలి. యార్డులో ఉండే కుక్కను వీధికుక్కలు పీకుతున్నాయని జాలిపడి ఆ హాల్లోకి తెచ్చుకున్నాం. అది వారం తిరక్కుండా అక్కడే ఉచ్చ పోయడం మొదలుపెట్టింది.

పోసిన చోటే పడి ఉండేది. మా ఆవిడ నేల కడిగేది, వేణ్ణీళ్ళతో దాని పొట్ట తుడిచేది, ఒక్క మాట అనేది కాదు. నేనే ముక్కు మూసుకుని తిట్టేవాణ్ణి. కడప నుంచి బండలు చూడ్డానికొచ్చిన ఒకాయన మూతికి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని గడప దగ్గరే వెనక్కి తిరిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఉచ్చ పడిన చోటల్లా బండ మీద మరక తేలేది. మరక తేలినప్పుడల్లా మిషన్ తెప్పించి మళ్ళీ రుద్దించాను.

నాలుగు నెలల్లో హాలు ముందుకంటే నున్నగా తయారైంది. కుక్క కాళ్ళు పడిపోయాయి. లేవబోతే వెనక కాళ్ళు చెరోపక్కకూ జారిపోయేవి. రెండుసార్లు పెనుగులాడి, గడ్డం నేలకానించి అట్లే ఉండిపోయేది. పశువుల డాక్టరుకు చూపిద్దామని మా ఆవిడ అడిగితే, ముసలితనానికి మందేముంటుందని కసిరాను.

మా వీధిలో ఒకరిద్దరు చేసిన పనే నాకూ తోచింది. అహోబిలం వైపు పోయే లారీలో ఎక్కించి గుడి దగ్గర దింపేస్తే, వచ్చేపోయేవాళ్ళు ఏదో ఒకటి పెడతారు, మనకు పాపం అంటదు. ఒక పొద్దున దాన్ని గోనెసంచిలో చుట్టి ఎత్తుకున్నాను. చీ, నా చొక్కా కూడా తడిపింది. మా ఆవిడ అడ్డం రాలేదు.

"ఆడ దింపినాక అది నీ కోసమే చూస్తాంటాది," అంది అంతే.

డ్రైవరు లారీ వెనక తలుపు తీసేదాకా దాన్ని కింద పెట్టాను. యార్డంతా గరుకు రాతిముక్కలు. అది ఒకసారి తూలింది. తర్వాత నాలుగు కాళ్ళ మీద లేచి నిలబడి, మెల్లగా నడుచుకుంటూ గోడవారగా పోయి, అక్కడ ఉచ్చ పోసి, మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

"కాళ్ళు పడిపోయినాయంటివి కదన్నా," అన్నాడు డ్రైవరు. "బాగనే నడుస్తాండాది."

నాలుగు నెలలూ అది బయటికి పోదామనే లేవబోయింది. జారిపడి, ఆపుకోలేక అక్కడే పోసింది. పోసిన ప్రతిసారీ నేను తిట్టి, దాని కాళ్ళ కింద నేలను ఇంకాస్త నున్నగా రుద్దించాను. నా బతుకంతా బండలతోనే, ఆ మాత్రం తెలియలేదు నాకు. థూ.

లారీని పంపేశాను. కుక్క నా వెనకే ఇంటిదాకా నడిచొచ్చి గడప బయట ఆగిపోయింది. మా ఆవిడ పిలిచింది, రాలేదు. నేను పిలిచాను. తోక ఊపింది గానీ, లోపలి నేలను చూసి వణుకుతూ అక్కడే నిలబడింది. యార్డులోకి పోయి ఉలి, సుత్తి తెచ్చుకుని, గడప లోపలి నున్నటి బండ మీద మొదటి గాటు కొట్టాను.