గడగడా చదివే పిల్ల

మెకానిక్ కూతురికి ఇంగ్లిషు చదవడమంటే మంచినీళ్లు తాగినంత తేలిక. ఎక్కడా తడబడదు. చిన్నప్పటి నుంచీ ఇంటికి ఎవరొచ్చినా తండ్రి గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "ఏదీ, ఆ పేపరు తీసి మామయ్యకి వినిపించు తల్లీ" అనేవాడు. విన్నవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. అందులో ఏముందని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే, ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాదని అప్పుడే తేలిపోయేది.

యూనివర్సిటీ కాలేజీలోనూ మొదటి ఏడు అలాగే గడిచిపోయింది. రెండో ఏడు కొత్తగా వచ్చిన లెక్చరరు, ఆమె పేరా చదివాక కూర్చోమనలేదు.

"బాగా చదివావు. ఇంతకీ ఏమంటున్నాడమ్మా ఇందులో?"

ఆమె అదే పేరా మళ్లీ మొదటి నుంచి చదవబోయింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ రోజు నుంచి డిక్షనరీ ముందేసుకుని ప్రతి మాట మీదా పెన్సిలుతో అర్థం రాసుకుంది. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు జారిపోయేది. పరీక్ష తప్పింది.

లెక్చరరు కోప్పడలేదు. "క్లాసయ్యాక రామ్మా. నాలుగు లైన్లే చదువుదాం. అర్థమైనంత మన భాషలోనే చెబుదువుగాని."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పరీక్ష తప్పిందని విని తండ్రి మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నిజంగానే నాకు అర్థం కాదు నాన్నా."

"ఊరుకోవే! అంత గడగడా చదివేదానివి, అర్థం కాకపోవడమేంటి? ఆ లెక్చరరుకి నువ్వంటే పడదు, అంతే."

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. లెక్చరరునూ పిలిపించారు. తండ్రి ఇంగ్లిషు పుస్తకం ఆమె చేతికిచ్చాడు. ఆమె చదివింది.

"విన్నారా!" అన్నాడు తండ్రి ఛాతీ విరుచుకుని.

"అందులో ఏముందో నాన్నగారికి చెప్పమ్మా," అన్నాడు లెక్చరరు మెల్లగా.

ఆమె తండ్రి మొహం చూసింది. నోటికొచ్చిన కథ అల్లేసింది: కరువొచ్చిందట, ఓ రాజు గాదెలు తెరిపించాడట. అది తేనెటీగల మీద పాఠమని చాలాకాలం తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ప్రిన్సిపాల్ ఫైలు మీంచి తలెత్తలేదు. లెక్చరరు ఆమె వంక చూసి, పుస్తకం మూసి ఆమె చేతిలో పెట్టాడు.

తండ్రి ఫిర్యాదు మీద వారం తిరక్కుండా ఆయన్ను వేరే సెక్షనుకు మార్చారు. బదులుగా వచ్చిన మేడం మొదటి రోజే ఆమెను లేపి చదివించింది. "ఎంత చక్కగా చదివావమ్మా! కూర్చో."

కూర్చుంది.

పరీక్ష మళ్లీ తప్పింది. చదువు మానేసి చెప్పుల షాపులో చేరింది. "ఆ లెక్చరరే మా పిల్ల బతుకు పాడుచేశాడు" అని తండ్రి షెడ్డుకొచ్చిన వాళ్లందరికీ చెబుతుంటాడు. పక్కనే ఉన్నా ఆమె కాదనదు.

ఒకసారి ఆ లెక్చరరు రోడ్డు మీద ఎదురై, గుర్తుపట్టి ఆగాడు. ఆమె తల వంచుకుని పక్క సందులోకి తిరిగిపోయింది.