చెన్నయ్య గారి సాక్షులు

దాచేపల్లి చెన్నయ్యకు పక్కన సాక్షి లేనిదే నోరు పెగలదు. కూరలో ఉప్పెక్కువైందని భార్యతో అనాలన్నా ముందు ఇరుగుపొరుగు ఇద్దరికి రుచి చూపించి, వాళ్ళచేత అవుననిపించి, అప్పుడు కంచం ముందు కూర్చునేవాడు. "ఇంకో ఇద్దరిని పిలవండి. సాక్ష్యం చెప్పగా మిగిల్తే మీరు తిందురు" అనేది ఆ ఇల్లాలు.

కోడలు ధరణికి కాపురానికొచ్చిన కొత్తలో ఇది వింతగా ఉండేది. మామయ్య క్షవరానికి కూడా ఒక మనిషిని వెంటేసుకుని వెళ్ళేవాడు. "చెవి తెగితే ఎవడు తెంపాడో చెప్పేవాడుండాలి గదమ్మా!" అనేవాడు. ముప్ఫై ఏళ్ళు సిమెంటు లారీ తోలిన మనిషి. రోడ్డు మీద న్యాయమంతా చూసినవాడి నోట్లోనే ఉంటుందని ఆయన సిద్ధాంతం.

చూపు మందగించడంతో పోయినేడు లారీ అమ్మేశారు. దాంతో ఆయన నిద్ర కూడా పోయింది, బదులుగా బీపీ వచ్చింది. నిద్ర లేకపోతే ఎన్ని బిళ్ళలు మింగినా దండగేనని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. ధరణి హడలిపోయి, ఫోన్లో కౌన్సెలింగ్ చేసే సాదియా గారితో ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి మాట్లాడే ఏర్పాటు చేసింది.

మొదటి గురువారం గదిలోకి తొంగి చూస్తే ఏముంది? ఫోను ముందు ముగ్గురు. మామయ్య, టైర్లకు పంచర్లేసే కాలేబు, ఎదురింటి రోశమ్మ. రోశమ్మ భర్త క్వారీ పని చేసేవాడు, పోయి ఏడాదన్నా కాలేదు. అప్పట్నుంచి ఆమె మనుషులతో మాటలు మానేసింది. ఎవరికైనా చూపిద్దామని ధరణి అంటే "నాకేమన్నా పిచ్చా?" అని తలుపేసుకుంది.

"చెన్నయ్య గారూ, ఇది మనిద్దరి మధ్యే ఉండాలండీ" అంది సాదియా.

"ఇద్దర్నే తెచ్చానమ్మా. పెద్ద తగాదా కాదుగా! నాకు నిద్ర పట్టట్లేదు. ఏం కాలేబూ?"

"నేను పంచర్లు చూశాగానీ మేడం, ఈయన నిద్ర చూళ్ళేదు."

"రోశమ్మా, నువ్వు చెప్పు."

"నిజమేనమ్మా. తెల్లార్లూ అన్న దగ్గు వినపడతానే ఉంటది."

"అంటే నువ్వూ మేలుకునే ఉంటన్నావుగా? ఎందుకో మేడంకి చెప్పు. సాచ్చి అబద్ధమాడగూడదు."

సాదియా గతుక్కుమంది. "ఇష్టమైతేనే చెప్పండమ్మా, బలవంతం లేదు" అంది. రోశమ్మ ఫోను దగ్గరికి జరిగి, నెమ్మదిగా మొదలుపెట్టింది.

మూడు గురువారాలు ఇదే తంతు. సాక్షి మాట్లాడుతుంది, ఫిర్యాదీ తలూపుతాడు. ధరణికి ఒళ్ళు మండింది.

"మామయ్యా, మీ నిద్ర కోసం పెట్టిస్తే మీరు నోరే విప్పరేంది?"

"ఆమెను కౌన్సిలింగుకి రమ్మంటే వచ్చిద్దా? సాచ్చేనికి పిలిస్తే ఎట్టాంటోళ్ళైనా రాక తప్పదు. పిచ్చోణ్ణి నేనేగా, ఆమెకేం నామోషీ?" అని చెన్నయ్య కాలేబు కోసం వీధిలోకి చూశాడు, ఈ మాటకూ ఒక సాక్షి ఉంటే బాగుండునని. ధరణికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఈ మనిషి మీద ఎక్కడలేని అభిమానం పొంగుకొచ్చింది.

నాలుగో గురువారం రోశమ్మే అంది: "అన్నా, నువ్వు బయట కూర్చో. నేనొక్కదాన్నే చెప్పుకుంటా." సాదియా ఆమెకు బుధవారం విడిగా టైమిచ్చింది.

దాంతో ఐదో గురువారానికి చెన్నయ్యకు దిక్కు లేకపోయింది. కాలేబు ఒక లారీ టైరు విప్పుతూ ఉన్నాడు. రోశమ్మ "నా వంతు నిన్నే అయిపోయిందన్నా" అంది. ధరణి ఆయన్ని ఫోను ముందు కూర్చోబెట్టి తలుపు దగ్గరేసింది.

లోపల్నుంచి వచ్చిన ఆయన మాటలు, వినకూడదని తెలిసీ వింది ధరణి. "ముప్ఫై ఏళ్ళు పక్క సీట్లో క్లీనరుండేవాడమ్మా. ఏం చెప్పినా ఊఁ కొట్టేవాడు. ఇప్పుడు ఊఁ కొట్టేవాడు లేడు, అందుకే కనపడినోణ్ణల్లా పట్టుకుంటన్నా." ఆ తరవాత గంట దాకా ఆ గొంతు ఆగలేదు.

బయటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా వరండాలో నులకమంచం మీద వాలాడు. ఐదు నిమిషాల్లో గురక మొదలైంది.

ముందు విన్నది రోశమ్మ. చెప్పుల్లేకుండా మునివేళ్ళ మీద వచ్చి చూసి, వెనక్కి పరుగెత్తి, నోటి మీద వేలేసుకుని వీధి వీధంతా పోగు చేసుకొచ్చింది. జిడ్డు చేతులతో కాలేబు, గరిటెతో చెన్నయ్య భార్య, పాతికమంది మంచం చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"అందరూ సరిగ్గా చూసుకోండి. లేచాక, నేనెక్కడ నిద్రపోయానంటాడు" అని గుసగుసగా చెప్పింది రోశమ్మ.