అమ్మ చేతి తేలు

పలాసలో నాది ఫ్లెక్సీల షాపు. మా నియోజకవర్గం నాయకుడు పెద్దాయన మొహం నునుపు చేసి, జుట్టుకి నలుపు దిద్ది, పుట్టినరోజు బ్యానర్లు తీయడం పగటి పని. ఖాళీ దొరికితే దొంగపేరుతో ఆయన మీదే కార్టూన్లు గీసి ఫోన్లో వదిలేవాణ్ణి. ధైర్యవంతుణ్ణి అనుకునేరు, నా మొహం! కడుపుమంట, అంతే.

ఆ ఎండాకాలం గీసిన బొమ్మలో పెద్దాయన పడక్కుర్చీలో కాళ్ళు బారజాపుకుని స్ట్రాతో చల్లగా పీలుస్తుంటాడు. స్ట్రా రెండో కొస ఒక ముసలమ్మ చేతిలో గుచ్చి ఉంటుంది. కిడ్నీ జబ్బుల మా ఉద్దానంలో ఆ బొమ్మ కింద మాటలు రాయక్కర్లేదు. ఏ వీధిలో చూసినా డయాలసిస్ మంచం ఎక్కినవాళ్ళున్నారు, మా అమ్మతో సహా. సాయంత్రానికి అది టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా పాకింది. మురిసిపోయాను, వెధవని.

మర్నాడు పెద్దాయన అనుచరుడు షాపుకొచ్చాడు. బ్యానర్ కోసమనుకుని కుర్చీ వేశాను. ఫోన్ తీసి నా ముక్కు కింద పెట్టాడు.

"బావా, నీకు బొమ్మల సంగతి తెలుసు కదా. ఇదెవుడేసినాడో సెప్పు."

"నాకేటి తెలుస్తాది?" అన్నాను.

వేళ్ళతో బొమ్మ పెద్దది చేశాడు. "ఇటు సూడు. ముసల్దాని సేతి మీద తేలు పచ్చబొట్టు, తోక సగమే ఉంది. ఊరికే అలాగేత్తాడేటి? ఇంట్లో మనిషిని సూసి ఏసినాడు. రేపు ఆస్పత్రికెళ్ళి మంచం మంచం సూసొత్తాను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది అమ్మ చెయ్యే. చిన్నప్పుడు పచ్చబొట్టు పొడిపించుకుంటూ, నొప్పికి తాళలేక తోక సగంలో ఉండగానే లేచి పారిపోయిందట. ముసలి చెయ్యి అంటే నాకు గీయడం వచ్చింది అదొక్కటే. తేలుతో సహా దించేశాను. అమ్మకి ఆ మంచం దొరికింది పెద్దాయన ఇచ్చిన ఉత్తరంతోనే. ఆయన వద్దంటే మంచం పోతుంది. మంచం పోతే వారం తిరక్కుండా ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడదు.

మర్నాడు అమ్మ వంతు. మానిపిద్దామంటే అప్పటికే ఆయాసం. చెబుదామంటే బొమ్మ నాదేనని ఒప్పుకోవాలి. బండి మీద తీసుకెళ్ళి మంచం ఎక్కించి, మందుల కోసం కిందికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆ అనుచరుడు అమ్మ మంచం దగ్గరే ఉన్నాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

భుజం కింద సూదులు. మోచేతి నుంచి మణికట్టు దాకా అమ్మ తువ్వాలు చుట్టుకుని ఉంది.

"ఇంత ఎండలో తువ్వాలేటమ్మా?" అనడిగాడు.

"సలేత్తంది బాబూ. రగతం బయటికెళ్ళి వత్తంది కదా, ఒళ్ళు సల్లబడిపోద్ది. పెద్దాయన బాగున్నారా? ఆరి దయేనయ్యా ఈ మంచం."

అతను దండం పెట్టి పక్క మంచానికి వెళ్ళిపోయాడు. అమ్మకి నిజంగానే చలేసింది, బతికిపోయాం అనుకున్నాను.

తిరుగుదారిలో అమ్మ బండి వెనక కూర్చుంది. కొబ్బరితోటలు మొదలయ్యాక నా వీపు మీద తట్టింది.

"ఒరే, పక్క మంచమామె ఫోన్లో నువ్వేసిన బొమ్మ సూసినాను. సూది ఒకటే ఏసినావేట్రా? రెండు గుచ్చుతారు. వారం వారం సూత్తన్నావు కదా."

బండి ఆపేశాను. వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు.

"ఈపాలి రెండూ ఎయ్యి," అంది. "తేలు మాత్రం ఎయ్యకు."